కృష్ణబిలం పక్కన రాత్రి ఆకాశం – 4వ పాఠం: నీడ ఎందుకు ఉబ్బింది?

గత పాఠం చూసి బొమ్మ గీసినవాళ్లలో చాలామందికి నీడ, అంటే బిలం కాంతిని మింగేయడంతో కనబడే నల్లటి వృత్తం, పెద్దదైపోయింది. ష్వార్జ్‌చైల్డ్ వ్యాసార్థానికి (కాంతి కూడా తప్పించుకోలేని హద్దు వ్యాసార్థం) 3 రెట్ల దూరంలో కదలకుండా నిలబడితే, నల్లటి వృత్తం అంచు దాని కేంద్రం నుంచి సరిగ్గా 45° దగ్గర కనబడాలి. మీకు 50.8° వచ్చింది. పాలపుంతను అతికించే పని తర్వాత, ముందు దీని సంగతి తేల్చాలి.

సమీకరణం సరైనదే: వి″ = 1.5వి² − వి. వి అంటే 1/ద. వి′ అంటే కిరణం బిలం చుట్టూ తిరిగే కోణంతో వి మారే రేటు, వి″ అంటే ఆ రేటు మారే రేటు. బిలం కేంద్రం నుంచి దూరం ద ని ష్వార్జ్‌చైల్డ్ వ్యాసార్థాల్లో కొలుస్తున్నాం. రుంగే–కుట్టా (సమీకరణాన్ని చిన్న చిన్న అడుగుల్లో లెక్కగట్టే పద్ధతి) అడుగులు మీకు వచ్చినవే. తప్పంతా మొదటి అడుగులో ఉంది. వి′ = వి × కాట్ క అని మొదలుపెట్టారు (కాట్ అంటే కోటాంజెంట్; క అంటే బిలం కేంద్రం దిశ నుంచి కిరణం దిశకు ఉన్న కోణం). రాయాల్సింది ఇది:

వి′ = వి × కాట్ క × √(1 − 1/ద)

చూసేవాడు తన కొలబద్దతో కొలిచే కోణం క. ద అలాంటిది కాదు, చుట్టుకొలత నుంచి లెక్కగట్టిన అంకె. ద = 3 దగ్గర 0.01 తేడా ఉన్న రెండు వృత్తాల మధ్య కొలబద్ద పెడితే సుమారు 0.0122 వస్తుంది. అడ్డంగా కొలిస్తే ఈ సాగుడు లేదు, బిలం వైపు కొలిస్తేనే ఉంది. వర్గమూలం అందుకే.

"ద = 1.5 దగ్గర సగం ఆకాశం నల్లబడింది, కాబట్టి ప్రోగ్రాం కరెక్టే" అనే వాదన దగ్గర నాకు నిజంగా ఓపిక పోతుంది. అక్కడ అంచు 90° మీద ఉంటుంది. కాట్ 90° సున్నా. సున్నాను దేనితో గుణించినా సున్నాయే, తప్పు కోడ్ కూడా పాసైపోతుంది. 10 దగ్గర చూస్తే 14.3°కి బదులు 15.0°, కంటికి ఆనదు. 3 దగ్గరే పరీక్షించండి.

ఇక బొమ్మ. ప్రతి పిక్సెల్‌కీ కిరణాన్ని నడపొద్దు. మన బిలం తిరగడం లేదు కనుక క కి ఒక్క పట్టిక చాలు: వి సున్నాకి చేరేసరికి కిరణం ఎంత తిరిగిందో రాసుకోండి, వి 1 దాటితే నలుపు. 45° దాటగానే బిందువులు చిక్కగా, 90° తర్వాత పలచగా పెట్టడం నా పద్ధతి. తిరుగుడు 180° అయితే బిలానికి సరిగ్గా వెనకున్న చుక్క, వలయంగా పరుచుకుంటుంది. 360° అయితే మీ వీపు వెనకున్న చుక్క. 3 దగ్గర ప్రతి చుక్క కాంతి పౌనఃపున్యం 1.22 రెట్లు పెరుగుతుంది, రంగులు నీలం వైపు జరపండి.

అభ్యాసం: ద = 3 దగ్గర 180°, 360°, 540° వలయాలు ఏ క దగ్గర పడతాయో కనుక్కోండి. 540° వలయం, 360° దానికంటే నీడ అంచుకు దాదాపు 23 రెట్లు దగ్గరగా రావాలి. రాకపోతే అడుగు చిన్నది చేసి మళ్లీ నడపండి.