పదాలు నేర్పినా నిలవడం లేదా? ప్రాథమిక తరగతుల టీచర్లకు సమస్య - పరిష్కారం

శుక్రవారం పదాల పరీక్షలో పదికి పది తెచ్చుకున్న పిల్లే, సోమవారం కథ చదువుతూ అదే పదం దగ్గర ఆగి "ఇదేంటి టీచర్?" అని అడుగుతుంది. చిన్న తరగతులకు చెప్పేవాళ్ళలో ఈ ప్రశ్న ఎదురుకానివాళ్ళు ఉండరనుకుంటాను. మొదట్లో నాకు పిల్లల మీద విసుగొచ్చేది. నేను వాళ్ళకు చెప్పింది అర్థం మాత్రమేనని, పదాన్ని నేర్పనే లేదని చాలా ఆలస్యంగా తెలిసింది. కింద రాసినవన్నీ తరగతిలో రోజూ కనిపించే లక్షణాలు. మీ పిల్లల్లో ఏది ఎక్కువగా కనిపిస్తోందో చూసుకుని అక్కడే మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు.

గడగడా చదువుతారు, కథ చెప్పమంటే నోరు మెదపరు

మనల్ని ఎక్కువగా మోసం చేసే లక్షణం ఇదే, అందుకే ముందు పెట్టాను. తెలుగులో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు పట్టుబడ్డాక పిల్లలు దాదాపు ఏ పదాన్నైనా పలికేస్తారు. 'పశ్చాత్తాపం' అని తడబడకుండా చదివాడంటే దాని సంగతి కూడా తెలిసే ఉంటుందని మన చెవి అనుకుంటుంది. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు చదివి అర్థం చేసుకోవడాన్ని ఒక గుణకారంలా చూపించారు. రాసినదాన్ని పలకగలగడం ఒక సంఖ్య, విన్న భాష అర్థం కావడం ఇంకో సంఖ్య. ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే.

తప్పు ఎటువైపు ఉందో తేల్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. పిల్లవాడికి అర్థం కాని పేరానే మీరు చదివి వినిపించండి. వింటే అర్థమైందా, అయితే ఇబ్బంది చదవడంలో ఉంది. అక్షరాలు కూడబలుక్కోవడానికే వాడి శక్తంతా పోతోంది. అలాంటివాడికి పదాల చార్టులు ఏం చేస్తాయి? చదివే సాధన కావాలి. విన్నా అర్థం కాలేదంటే అది చాలావరకు పదాల కొరతే. ఈ ఇద్దరికీ ఒకే మందు వేయడం వల్ల ఇద్దరి టైమూ పోతుంది.

పదాల కొరతే అయితే, కథ మొదలుపెట్టక ముందు రెండు మూడు పదాలు మాత్రమే చెప్పండి. అవి తెలియకపోతే కథే నడవదు అన్నవి చాలు. మిగతావాటిని ఆదర్శ పఠనంలో, అంటే మనం చదివి వినిపించేటప్పుడు, కథ ఆగకుండా అలా విప్పుతూ పోవాలి. "నక్క పొంచి ఉంది, అంటే ఎవరికీ కనపడకుండా దాక్కుని చూస్తోంది, కుందేలు దగ్గరికొచ్చేదాకా." అంతే, మళ్ళీ కథలోకి. ప్రతి పదం దగ్గరా ఆపి నల్లబల్ల మీద రాస్తే ఆ నక్క ఏమైందో పిల్లలకు గుర్తుండదు. వార్విక్ ఎల్లీ 1989లో ప్రచురించిన న్యూజిలాండ్ అధ్యయనంలో, కథ వింటూ మధ్యలో చిన్న చిన్న వివరణలు అందుకున్న పిల్లలు, వట్టిగా విన్న పిల్లలకన్నా రెట్టింపు కంటే ఎక్కువ పదాలు పట్టుకున్నారు. వట్టిగా విన్నవాళ్ళు కూడా కొన్ని నేర్చుకున్నారు. అంటే చదివి వినిపించిన ఏ పీరియడూ వృథా కాదు.

అర్థం ఒప్పజెబుతారు, సొంత వాక్యం రాయలేరు

'గ్రహించు' అంటే 'తీసుకొను' అని బోర్డు మీద రాశాను. ఒకమ్మాయి ఎంతో శ్రద్ధగా "నేను తమ్ముడి దగ్గర పెన్సిల్ గ్రహించాను" అని రాసుకొచ్చింది. ఎర్ర సిరాతో కొట్టేయబోయి ఆగాను. నేనిచ్చిన అర్థం ప్రకారం ఆ వాక్యంలో తప్పేముంది? అమెరికాలో జార్జ్ మిల్లర్, పట్రీషియా గిల్డియా కూడా 1987లో ఇదే చూపించారు. నిఘంటువు చూసి వాక్యాలు రాయమంటే, 'ఎరోడ్' (కొద్దికొద్దిగా కోసుకుపోవడం) అన్న మాటకు 'ఈట్ అవుట్' అని ఉండటం చూసి, బయట భోంచేయడమనుకుని "మా కుటుంబం తరచూ ఎరోడ్ అవుతుంది" అని రాసిన పిల్లల గురించి వాళ్ళు చెప్పారు.

కారణం పిల్లల్లో లేదు. నిఘంటువు పదానికి దగ్గరి మాటను చెబుతుంది. ఆ పదాన్ని ఎవరు, ఎప్పుడు, దేని గురించి వాడతారో చెప్పదు. తెలిసినవాడికి అది గుర్తుచేస్తుంది కానీ తెలియనివాడికి దారి చూపలేదు.

నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. 'సంకోచించు' అన్న పదం కథలో వచ్చిందనుకోండి. "అర్థం: వెనుకాడు" అని వదిలేయను. "ఏదైనా చెయ్యాలని మనసులో ఉండీ, చెయ్యొచ్చో లేదో అని ఆగిపోతాం చూడండీ, అప్పుడు సంకోచించాం అంటాం" అని మాట్లాడే భాషలో చెబుతాను. తర్వాత ప్రశ్నలు.

"అమ్మ కనపడగానే పరుగెత్తి కౌగిలించుకున్న పాప సంకోచించిందా?"

"లేదు!"

"ఎందుకు లేదు?"

ఈ 'ఎందుకు' దగ్గరే పని జరుగుతుంది. "ఆగలేదు కదా టీచర్" అని ఒకరంటారు, "వాళ్ళమ్మే కదా, భయమెందుకు" అని ఇంకొకరు. పదం చుట్టూ ఒక కంచె తయారవుతుంది, ఏది లోపల, ఏది బయట అని. "గోడ సంకోచిస్తుందా?" అని అడిగితే నవ్వుతారు, కానీ ఆ నవ్వులో మనసు ఉన్నవాళ్ళే సంకోచిస్తారన్న సంగతి దిగిపోతుంది. ఇదంతా అయ్యాకే వాక్యం. అదీ ఖాళీ గీత ఇచ్చి కాదు, సగం వాక్యం ఇచ్చి: "కొత్త బడిలో మొదటి రోజు నేను _____ సంకోచించాను, ఎందుకంటే _____." 'ఎందుకంటే' తర్వాత రాయాలంటే పదం తెలిసి ఉండక తప్పదు. ఒకబ్బాయి "నీళ్ళ సీసా మూత రావడం లేదని చెప్పడానికి సంకోచించాను, ఎందుకంటే అందరూ చిన్నపిల్లాడంటారు" అని రాశాడు. ఆ వాక్యం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కాస్త పెద్ద తరగతుల్లో ఇదే పనిని కాగితం మీద చేయించవచ్చు. కాగితాన్ని నాలుగు గళ్ళు చేసి, మధ్యలో పదం రాసి, సొంత మాటల్లో వివరణ, దాని లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణలు కానివి నింపించాలి. డొరొతీ ఫ్రేయర్, సహ పరిశోధకులు 1969లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తయారుచేసిన నమూనా ఇది. నాలుగో గడిని మాత్రం దాటవేయకండి. "ఇది కాదు" అని చెప్పగలిగిన పిల్లకే ఆ పదం నిజంగా తెలుసు.

వారం తిరిగేసరికి మరచిపోతారు

పిల్ల ఆ పదాన్ని చూసింది ఒక్కసారి, చదివింది ఒక రాత్రి. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లోనే వేగంగా జారిపోతుందని, ఒకేరోజు కూర్చుని వల్లె వేయడం కన్నా రోజులు పంచుకుని చేస్తే తక్కువ శ్రమతో నిలుస్తుందని చూపించాడు. మనం మాత్రం ఇంకా "ఒక్కో పదం పదిసార్లు రాసుకు రండి" అంటున్నాం. పదిసార్లు రాస్తే చేతికి గుర్తుంటుంది, అదీ స్పెల్లింగే. నాలుగోసారి తర్వాత మనసు అక్కడ ఉండదు.

వారానికి ఇరవై పదాలు ఇస్తుంటే దాన్ని అయిదారుకు దించండి. సిలబస్ ఏమవుతుందో అని టెన్షన్ పడకండి, ఇరవై ఇచ్చినప్పుడు నిలిచినవి ఎన్నో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ఇక ఆ అయిదారింటినీ వేర్వేరు రోజుల్లో కలవనివ్వాలి.

నా బల్ల మీద ఒక పాత రేకు డబ్బా ఉంటుంది. ప్రతి పదమూ ఒక అట్టముక్క మీద రాసి అందులో పడేస్తాం. వెనకవైపు అర్థం ఉండదు. ఆ పదం వచ్చిన కథ పేరు, పిల్లల్లో ఒకరు చెప్పిన వాక్యం ఉంటాయి. పొద్దున హాజరు పిలుస్తున్నప్పుడు ఒకరు మూడు ముక్కలు తీస్తారు. ఆ రోజు సాయంత్రం లోపు ఎవరైనా ఆ మూడింటిలో ఒకదాన్ని మాటల్లో సహజంగా వాడితే ముక్క మూలన గీత గీస్తాం. పది గీతలు పడ్డ ముక్క డబ్బా నుంచి గోడ మీదికి వెళుతుంది. నెల కిందటి పదాలు కూడా అందులోనే కలిసి ఉంటాయి కాబట్టి, నేను వేరే పునశ్చరణ పెట్టే అవసరం చాలా తగ్గింది. ఒకటే జాగ్రత్త, టీచర్ కూడా వాడాలి. "తలుపు వేయడానికి ఎందుకు సంకోచిస్తున్నావు?" అని మనం అంటే, వాళ్ళు మర్నాడు మనతో అంటారు.

నేర్పిన పదమే రూపం మారితే గుర్తుపట్టరు

మన భాషలో ఇది మామూలే, కానీ దీని మీద మనం పెట్టే శ్రద్ధ తక్కువ. 'నుయ్యి' తెలిసిన పిల్ల 'నూతిలో' దగ్గర ఆగుతుంది. 'ఏటి గట్టున' అని చదివి, 'ఏటా' లాంటిదే అనుకుని, "ప్రతి సంవత్సరం గట్టు మీద" అని చెప్పినవాడు నా తరగతిలో ఉన్నాడు. ఏరుకీ, ఏడాదికీ రూపం అక్కడ కలిసిపోయిందని వాడికెవరు చెప్పారు? పట్టికలో 'ఏరు' అని మాత్రమే రాసి ఉంది.

అందుకే కొత్త పదాన్ని ఒంటరిగా రాయకండి. 'ఏరు, ఏటిలో, ఏళ్ళు' అని కుటుంబంతో సహా రాయండి. సంధి కలిసిన పదాలను వేలితో మూసి చూపించండి. 'సూర్యోదయం'లో 'సూర్య' మూస్తే ఏం మిగులుతుంది? దానికి ముందు 'చంద్ర' పెడితే? 'అరుణ' పెడితే? ఒక్క పదానికి మూడు వస్తాయి. 'అసత్యం, అన్యాయం, అశాంతి' వరసలో పెట్టి ముందున్న 'అ' ఏం చేస్తోందో వాళ్ళనే చెప్పమనండి. ఒకసారి ఇలా చెప్పిన మర్నాడే ఒక పాప "అరణ్యం అంటే రణ్యం లేనిదా టీచర్?" అంది. ఎంత మంచి ప్రశ్న! దాని నుంచే మా తరగతికి ఒక నియమం వచ్చింది: ముందున్నది తీసేశాక మిగిలింది మనకు తెలిసిన పదమైతేనే విడగొట్టాలి.

పట్టిక చూస్తేనే పిల్లలు బెదురుతున్నారు

పదాల ఎంపికే తప్పయి ఉండొచ్చు. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెకియోన్ పదాలను మూడు అంతస్తులుగా చూశారు. కుర్చీ, పరుగు లాంటివి ఇంట్లోనే వచ్చేస్తాయి. కిరణజన్య సంయోగక్రియ లాంటివి ఆ పాఠం వచ్చినప్పుడే పనికొస్తాయి. అకస్మాత్తుగా, ఓదార్చు, గమనించు, నిరాకరించు లాంటివి మధ్యలో ఉంటాయి. మాటల్లో తక్కువ వినపడతాయి, పుస్తకాల్లో పదే పదే వస్తాయి. మీ టైమంతా ఈ మధ్య అంతస్తు మీద పెట్టండి. "కష్టంగా ఉంది కాబట్టి పట్టికలో వేద్దాం" అన్నది సరైన లెక్క కాదు.

జంట పదాలు తారుమారు చేస్తారు

లెక్కల్లో లవం, హారం. సైన్సులో సంకోచం (కుంచించుకోవడం), వ్యాకోచం (విస్తరించడం). తెలియని రెండింటిని ఒకే రోజు చెబితే, ఒకటి అటు, ఒకటి ఇటు అని గుర్తుంటుంది కానీ ఏది ఎటో గుర్తుండదు. ముందు ఒకదాన్ని చెప్పి, అది బాగా కుదురుకున్నాక, వారం పదిరోజులకు రెండోది చెప్పండి. ఇప్పటికే తారుమారైపోతే ఒకదాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టేయడం మేలు.

ఆటల్లో హుషారు, రాతలో ఆ పదాలు కనపడవు

గళ్ళలో దాగిన పదాలను వెతికే ఆటలో అర్థం తెలియకుండానే మొదటి బహుమతి కొట్టొచ్చు. అక్షరాల వరస కనిపెట్టడమే అక్కడి పని. పదాన్నీ అర్థాన్నీ గీతతో కలిపే ఆటలో కూడా చివరి రెండూ ఊహకే అందుతాయి. ఏ ఆటైనా ఈ ఒక్క ప్రశ్నతో కొలవండి: పదం అర్థం తెలియకుండా ఇందులో గెలవొచ్చా? గెలవగలిగితే దాన్ని సరదాకి ఉంచుకోండి, పదాల పీరియడ్‌లో లెక్కపెట్టకండి.

మా పిల్లలకు ఇష్టమైన ఆట చూపుల ఆట. తొంగి చూడటం, ఓరగా చూడటం, తేరిపార చూడటం, ఎగాదిగా చూడటం, గుడ్లప్పగించి చూడటం, ఇలా చీటీలుంటాయి. చీటీ తీసినవాళ్ళు నోరు విప్పకుండా చూసి చూపించాలి, మిగతావాళ్ళు పదం చెప్పాలి. ఓరగా చూడాలంటే తల తిప్పకుండా కళ్ళతోనే చూడాలని, ఎగాదిగా చూడాలంటే తల నుంచి కాళ్ళదాకా చూపు ప్రయాణం చేయాలని వాళ్ళలో వాళ్ళే వాదించుకుంటారు. ఇవన్నీ కథల్లో ఇప్పటికే ఎదురైనవై ఉండాలి. అయిదు కొత్తవి ఒకేసారి తెస్తే ఇందాకటి తారుమారే. ఆట అయిన వెంటనే, వేడి చల్లారకముందే, మూడు వాక్యాల చిన్న కథ రాయించండి: ఒకరు ఒకరిని ఎలా చూశారు, ఎందుకు. ఈ చివరి పది నిమిషాలు మానేస్తే ఆట ఆటగానే మిగిలిపోతుంది.

ఎప్పుడూ ఆ నలుగురే చేతులెత్తుతారు

మిగతావాళ్ళకు రాదని కాదు, ఆలోచించే లోపే జవాబు గదిలోకి వచ్చేస్తోంది. ప్రశ్న అడిగాక చేతులు ఎత్తనివ్వకుండా, పక్కవాళ్ళతో ఒక నిమిషం మాట్లాడుకోమనండి. తర్వాత "నీ పక్కన కూర్చున్నవాళ్ళు ఏమన్నారు?" అని అడగండి. తన జవాబు చెప్పడానికి జంకే పిల్ల కూడా పక్కవాళ్ళ మాట ధైర్యంగా చెబుతుంది. కొందరి ఇంట్లో భాషో, మాటతీరో పుస్తకానికి దూరంగా ఉంటుంది. అలాంటి పిల్లలను "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?" అని ముందు అడగండి. వాళ్ళు చెప్పిన మాటను కూడా అట్టముక్క మీద, పుస్తకం పదం పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో రాసి డబ్బాలో వేయండి. మా డబ్బాలో కొన్ని ముక్కల మీద మూడేసి మాటలున్నాయి. వాటి కోసం చెయ్యి పెట్టి వెతుక్కునేది ఆ పిల్లలే.