చేతిరాత, స్పెల్లింగ్ తడబడే పిల్లలకు ఏం చేయాలి?

నోటితో గడగడా జవాబు చెప్పే పిల్ల, రాయమంటే రెండు లైన్లకే చెయ్యి నొప్పంటుందా? బద్ధకమని తిట్టే ముందు డిస్‌గ్రాఫియా, అంటే తెలివి ఉన్నా రాయడం దగ్గరే తడబడే ఇబ్బంది, ఏమో డాక్టరుకు చూపించండి. కాపీరాతలు పెంచితే చెయ్యి ఇంకా బిగుసుకుంటుంది, అంతే.

పాదాలు నేలకు ఆనాలి, బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి, రెండో చెయ్యి కాగితాన్ని పట్టుకోవాలి. రాసిన పేజీ తిప్పి వెనకవైపు వేలితో తడమండి. గీతలు ఉబ్బెత్తుగా తగిలితే మరీ నొక్కి రాస్తున్నట్టు. మూడు పలకల 2బీ పెన్సిల్ ఇవ్వండి. ములుకు మెత్తన, నొక్కకుండానే నల్లగా పడుతుంది. లెక్కలకు గళ్ల పుస్తకం, గడికో అంకె. ఒకట్లు పదుల్లోకి జరిగిపోయే తప్పులు దీంతోనే చాలావరకు తగ్గుతాయి.

స్పెల్లింగ్‌కు రోజూ 10 నిమిషాలు, 5 మాటలు చాలు. మాట పలకాలి, ముక్కలు చేయాలి, ఇసుకలో వేలితో రాయాలి, ఆ తర్వాతే కాగితం. బెంగళూరులో మన పిల్లలకు ఇంకో చిక్కుంది: బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. రెండు లిపులకూ పోలిక ఎక్కువ కాబట్టి తలకట్లు, గుణింతాలు కలగాపులగమవుతాయి. రెండూ ఒకే పూట రాయించకండి.

పరీక్షల్లో వెసులుబాటుకు సర్టిఫికెట్ కావాలి. బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పరీక్షించే ఏర్పాటుంది. పాత నోటుబుక్కులు, మార్కుల కార్డులు పట్టుకెళ్లండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందినీ గుర్తించింది. సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షల్లో 3 గంటల పేపరుకు 60 నిమిషాలు అదనం, జవాబులు రాసిపెట్టే మనిషినీ అనుమతిస్తారు. బడి ద్వారానే అడగాలి. పదో తరగతి దాకా ఆగకండి, ఎనిమిదిలోనే కదలండి: ఒకరికి చెప్పి రాయించడమూ సాధన మీదే వస్తుంది.