ఇంగ్లీష్ ఫ్రేజల్ వెర్బ్స్ సొంతంగా నేర్చుకుందాం, 7వ భాగం: పిక్ అప్

పోయిన భాగంలో ఎక్కడ ఆపామో అక్కడి నుంచే అందుకుందాం. ఈ వాక్యం కాస్త గుర్తు పెట్టుకోండి, పాఠంలో దీనితో పనుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక్క మాట, ఫ్రేజల్ వెర్బ్ అంటే క్రియ పక్కన అప్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థం ఇచ్చేది.

ముందు పోయినసారి ఇచ్చిన హోంవర్క్ చూసేద్దాం. "వాళ్ళు పెళ్ళి వాయిదా వేశారు" అన్నదానికి దే పుట్ ఆఫ్ ద వెడ్డింగ్ అని రాసినా కరెక్టే, దే పుట్ ద వెడ్డింగ్ ఆఫ్ అని రాసినా కరెక్టే. కానీ వెడ్డింగ్ తీసేసి ఇట్ పెట్టారంటే దానికి ఒకటే చోటు, పుట్ ఇట్ ఆఫ్. పుట్ ఆఫ్ ఇట్ అని రాసినవాళ్ళు దాన్ని ఒకసారి పైకి చదవండి, పది సార్లు పుట్ ఇట్ ఆఫ్ అనుకోండి, నోటికి అలవాటైతే చెయ్యి తప్పు రాయదు. ఇవాళ కూడా ఇదే రూల్ పనికొస్తుంది.

ఇవాళ్టి మాట పిక్ అప్. హైదరాబాద్‌లో ఉంటూ ఈ మాట వినని వాళ్ళు లేరు, క్యాబ్ బుక్ చేసిన రెండు నిమిషాల్లో డ్రైవర్ ఫోన్ చేసి పికప్ ఎక్కడ సార్ అంటాడు, సెకండ్ హ్యాండ్ బైక్ కొనడానికి వెళ్తే అమ్మేవాడు బండి పికప్ సూపర్ అన్నా అంటాడు. అంటే మనిషిని ఎక్కించుకోవడం, వేగం అందుకోవడం, ఈ రెండు అర్థాలు మీకు ఆల్రెడీ వచ్చు. కానీ ఈ రెండు చోట్లా అది నామవాచకం, అప్పుడు ఇంగ్లీష్‌లో కలిపి ఒకే మాటగా రాస్తారు. క్రియగా వాడినప్పుడు పిక్ వేరు, అప్ వేరు, మధ్యలో ఖాళీ ఉండాలి. ఆఫీస్ మెయిల్స్‌లో ఈ ఖాళీ మింగేసేవాళ్ళు చాలామంది.

ఉత్త పిక్ అంటే ఏరుకోవడం, ఎంచుకోవడం, పువ్వులైతే కోయడం. దానికి అప్ తగిలిస్తే కిందున్నదాన్ని చేతిలోకి తీసుకోవడం అవుతుంది. పిక్ ఎ షర్ట్ అంటే పదింట్లో ఒకటి సెలెక్ట్ చేసుకో అని, పిక్ అప్ ద షర్ట్ అంటే ఆ కింద పడున్న చొక్కా తియ్ అని. మిగతా అర్థాలన్నీ ఈ "చేతిలోకి తీసుకోవడం" నుంచే సాగాయి, అందుకే లిస్ట్ బట్టీ కొట్టొద్దని మొదటి భాగం నుంచీ చెప్తున్నాను.

నమ్మకం కలగకపోతే మన "ఎత్తు" చూడండి. పాపని ఎత్తుకుంటాం, ఫోన్ ఎత్తుతాం, భజనలో పాట ఎత్తుకుంటారు, నష్టం వస్తే దుకాణం ఎత్తేస్తారు, ఆస్తి మాట ఎత్తితే అన్నదమ్ములకి గొడవ, ఇక ఎత్తిపొడవడం సంగతి అందరికీ తెలిసిందే. తెలుగు నేర్చుకునే బయటి మనిషికి ఇవన్నీ విడివిడిగా కనిపిస్తాయి, మనకి మాత్రం ఒకే చెట్టు కొమ్మల్లా అనిపిస్తాయి. పిక్ అప్ కూడా ఇంగ్లీష్ వాళ్ళకి అంతే.

అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఎత్తు అంటే లిఫ్ట్ అని మనసులో నాటుకుపోయి "ఐ కాల్డ్ హిమ్, హి డిడ్ నాట్ లిఫ్ట్" అంటాం. మన దగ్గర అందరికీ అర్థమైపోతుంది కాబట్టి తప్పని తెలీదు. బయటి దేశం క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు హి డిడ్ నాట్ పిక్ అప్ అనండి, లేదా హి డిడ్ నాట్ ఆన్సర్ అనండి. పిక్ అప్ తర్వాత ఫోన్ అనే మాట చెప్పక్కర్లేదు, తెలుగులో "ఎత్తట్లేదు" అని ఊరుకుంటామే, అలాగే.

మనుషుల్ని పికప్ చేసుకునేటప్పుడు రూల్ గుర్తుందిగా. "అమీర్‌పేట్ మెట్రో దగ్గర నన్ను ఎక్కించుకుంటావా" అంటే కెన్ యు పిక్ మి అప్ ఎట్ అమీర్‌పేట్ మెట్రో. మి, హిమ్, హర్, దెమ్, ఇట్ ఏదైనా సరే మధ్యలోనే కూర్చోవాలి. ఆఫీస్ భాషలో దీనికి బదులు కలెక్ట్ అనొచ్చు, పార్సిల్‌కైతే కలెక్ట్ ఇంకా బాగా నప్పుతుంది. ఒక జాగ్రత్త, పార్టీలో పరిచయం లేని అమ్మాయిని పిక్ అప్ చేశాడు అంటే కారులో ఎక్కించుకున్నాడని కాదు, వేరే ఉద్దేశంతో మాట కలిపాడని. పోలీసులు పిక్ అప్ చేశారంటే పట్టుకెళ్ళారని, మనం "ఎత్తుకెళ్ళారు" అన్నట్టే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన అర్థం నేర్చుకోవడం. మా అమ్మ పెళ్ళయ్యాక నల్గొండ నుంచి వచ్చి మెహదీపట్నంలో కాపురం పెట్టినప్పుడు హిందీ ఒక్క ముక్క రాదు, ఎవరూ నేర్పలేదు, పుస్తకం పట్టలేదు, కూరగాయల బండి దగ్గర బేరమాడి, ఆటోవాళ్ళతో వాదించి, పక్కింటి ఖాలాతో గంటలు గంటలు కబుర్లు చెప్పి ఏడాది తిరిగేసరికి నక్కో, హౌ అంటూ అచ్చం ఇక్కడే పుట్టినదానిలా మాట్లాడేది. షి పిక్డ్ అప్ హిందీ అంటే సరిగ్గా అదే, వింటూ వింటూ పట్టేసుకోవడం. లర్న్ అంటే ఎలా నేర్చుకున్నా చెల్లుతుంది. అక్వైర్ బరువైన మాట. మాస్టర్ దీనికి పర్యాయపదం కాదు, పూర్తి పట్టు సాధిస్తేనే ఆ మాట. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి ఆరు నెలలు కోచింగ్ తీసుకుని, ఫీజు కట్టి, సర్టిఫికెట్ కూడా తెచ్చుకుని రెజ్యూమెలో ఐ పిక్డ్ అప్ జావా అని రాశాడు, అంత కష్టపడ్డది అక్కడా ఇక్కడా విని పట్టుకున్నట్టు కనిపించింది. కంప్లీటెడ్ ట్రైనింగ్ ఇన్ జావా అని మార్పించాను.

అసలు ఇలా ఒక మామూలు మాట, పక్కనే ఒక బరువైన మాట ఎందుకుంటాయంటే, 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక చాలాకాలం దర్బారులో, కోర్టుల్లో ఫ్రెంచ్ నడిచింది, చదువుల్లో లాటిన్ ఉండనే ఉంది. కలెక్ట్, అక్వైర్, రెజ్యూమ్, డిటెక్ట్ లాంటివి లాటిన్ మూలం నుంచి, కొన్ని ఫ్రెంచ్ మీదుగా, కొన్ని నేరుగా వచ్చాయి. మనకి నీళ్ళు–జలం, ఇల్లు–గృహం లాగా. ఇంటికి రా అంటాం, శుభలేఖలో గృహప్రవేశం అని వేస్తాం. మాటల్లో పిక్ అప్, రిపోర్టులో ఆ రెండోది.

జబ్బుల విషయంలో కూడా ఇంతే. జలుబు పట్టుకుంటే ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్, లేదా కాట్ ఎ కోల్డ్. మలేరియా లాంటిదైతే రిపోర్టులో కాంట్రాక్టెడ్ మలేరియా అని రాస్తారు. షుగర్, బీపీ అంటుకునేవి కావు కదా, వాటికి పిక్ అప్ వాడకండి, డెవలప్డ్ డయాబెటిస్ అనాలి. మలేరియా అంటే గుర్తొచ్చింది, దోమ కడుపులో ఆ పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. దోమ రోగి రక్తం పీల్చినప్పుడు దాన్ని తనలోకి తీసుకుంటుంది, ఇంగ్లీష్‌లో ద మస్కిటో పిక్స్ అప్ ద పారసైట్. చూశారా, ఇక్కడా తీసుకోవడమే.

ఇక పుంజుకోవడం. దసరా ముందు బిజినెస్ పుంజుకుంది అంటే బిజినెస్ పిక్డ్ అప్, ఇంప్రూవ్డ్ అన్నా సరిపోతుంది. గాలి పెరిగితే ద విండ్ పిక్డ్ అప్. వీటికి వెనక కర్మ ఉండదు కాబట్టి మధ్యలో ఏం పెట్టాలన్న బాధ లేదు. కేఫ్‌లో నలుగురు చాయ్ తాగి ఒకరు డబ్బులు కట్టేస్తే హి పిక్డ్ అప్ ద బిల్. రేడియో సిగ్నల్ అందుకుంటే పిక్స్ అప్ ద సిగ్నల్, అక్కడ డిటెక్ట్ లేదా రిసీవ్.

వెనక ఇంకో చిన్న మాట చేరితే మళ్ళీ మారుతుంది. పిక్ అప్ ఆన్ అంటే పైకి చెప్పకపోయినా పసిగట్టడం, షి పిక్డ్ అప్ ఆన్ హిజ్ సాడ్‌నెస్. పిక్ అప్ ఆఫ్టర్ అంటే ఒకరు చిందరవందర చేసిపోతే వెనకాలే సర్దడం, పిల్లలున్న ఇంట్లో రోజూ పడే వాక్యం ఇది.

ఇప్పుడు మొదటి వాక్యానికి రండి. ఆపిన చోటి నుంచి అందుకుందాం, లెట్స్ పిక్ అప్ వేర్ వుయ్ లెఫ్ట్ ఆఫ్. పెద్ద భాషలో రెజ్యూమ్.

హోంవర్క్ రాయండి, చూడకుండా. తాళాలు సోఫా మీద ఉన్నాయి, వాటిని తియ్. వాన పెరిగింది, నన్ను సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఎక్కించుకో. మూడుసార్లు చేశాను, తను ఎత్తట్లేదు. మా చెల్లి టీవీ చూసి తమిళం పట్టేసింది. అమ్మ ఏమీ అనలేదు కానీ నాన్న కోపం పసిగట్టింది. చివరిదానికి ఒక్క నిమిషం ఎక్కువ తీసుకోండి, ఆన్ మర్చిపోతే అర్థం మారిపోతుంది.

వచ్చే భాగంలో గివ్ అప్, గివ్ ఇన్ రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.