ఫ్లోరిడాకు వెళ్తున్న మన తిరుపతి, చిత్తూరు పిల్లలకు: తుఫాను గీతను వదిలేసి మీ జోన్ తెలుసుకోండి

ఏటా జూలై, ఆగస్టు వచ్చేసరికి తిరుపతి, చిత్తూరు, మదనపల్లె నుంచి పిల్లలు ఫ్లోరిడాకు బయలుదేరతారు. సామాను ఎన్ని కిలోలు ఉండాలి, ఊరగాయ ఎలా కట్టుకోవాలి, బ్యాంకు ఖాతా ఎక్కడ తెరవాలి, ఇవన్నీ సీనియర్లు చెబుతారు. నేను వాటి జోలికి వెళ్లను. మీరు విమానం దిగేది హరికేన్ల, అంటే అక్కడి పెద్ద తుఫాన్ల, కాలం నడిమధ్యలో. అట్లాంటిక్ వైపు ఆ కాలం జూన్ 1న మొదలై నవంబర్ 30న ముగుస్తుంది. ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఉద్ధృతి ఎక్కువ. పెట్టెలు విప్పి సర్దుకోకముందే ఒకటి రావచ్చు. దాని గురించి అడిగితే మాత్రం "వార్తలు చూస్తూ ఉండు" అని అందరూ ఒకటే మాట చెప్పి వదిలేస్తారు. ఆ వార్తలు చూడడంలోనే ఉంది చిక్కంతా.

2024 అక్టోబర్‌లో మిల్టన్ హరికేన్ బలం పుంజుకుంటున్నప్పుడు చిత్తూరు నుంచి ఒక అబ్బాయి తల్లిదండ్రులు తిరుపతిలో మా ఇంటికి వచ్చారు. కొడుకు టాంపాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. నేను అక్కడ చాలా ఏళ్లు ఉండి వచ్చానని ఎవరో చెప్పారట. ఆయన ఫోనులో మ్యాపు పెట్టుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చేసి, తుఫాను దారిగా చూపించే గీతకూ కొడుకు ఉండే వీధికీ మధ్య ఎంత ఎడం ఉందో కొలుస్తున్నారు. గీత కాస్త పైకి జరిగితే ఆమె ముఖం పాలిపోయేది, కిందికి జరిగితే ఊపిరి పీల్చుకునేది. అక్కడ కొడుకు చేస్తున్నదీ అదే పని.

ఆ అబ్బాయి ఉండేది టాంపా ఉత్తర భాగంలో, విశ్వవిద్యాలయం దగ్గర. సముద్రానికి దూరం, కాంక్రీటు దిమ్మెలతో కట్టిన భవనం, పై అంతస్తు. ఉప్పెన వస్తే ఖాళీ చేయించడానికి కౌంటీ (అక్కడి జిల్లా) గుర్తించిన ఏ జోన్‌లోనూ అతని చిరునామా లేదు, ఖాళీ చేయమని ఎవరూ అనలేదు. గీత తన ఊరి మీదికి వచ్చిందని చూసి కారెక్కి ఉత్తరానికి పరుగెత్తాడు. హైవే అంతా నిలిచిపోయింది, బంకుల్లో పెట్రోలు అయిపోయింది. రాత్రి రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో కారులోనే పడుకున్నాడు. ఫోనులో ఛార్జింగు అయిపోయి గంటల తరబడి దొరకలేదు. ఇక్కడ ఆ తల్లి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

అదే సమయంలో, టాంపా పక్కనే సముద్రం ఒడ్డునున్న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మనవైపు దంపతులే కింది అంతస్తు ఇంట్లో కూర్చున్నారు. వాళ్ల జోన్‌ను ఖాళీ చేయమని ఉత్తర్వు వచ్చింది. "రెండు వారాల కిందట హెలీన్ హరికేన్ వచ్చింది కదా, నీళ్లు మా వీధి దాకా రానే లేదు" అని జవాబు. పైగా అప్పటికి గీత దక్షిణానికి జరిగింది.

ఉండవలసినవాడు పరుగెత్తాడు, వెళ్లవలసినవారు కూర్చున్నారు. ఇద్దరూ చూసింది ఒకే గీతను.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ గీత తుఫాను కేంద్రం గురించి మాత్రమే చెబుతుంది. దాని చుట్టూ తెల్లగా పరుచుకున్న శంఖం లాంటి ఆకారాన్ని అక్కడ కోన్ అంటారు. కేంద్రం ఆ కోన్ లోపలే సాగే అవకాశం మూడింట రెండు వంతులు. అంటే మూడు సార్లలో ఒకసారి బయటికి పోవచ్చు. తుఫాను ఎంత వెడల్పో, వాన ఎంత దూరం పడుతుందో, ఉప్పెన ఎక్కడ లేస్తుందో అది చెప్పదు. కేటగిరీ 1, 3, 5 అని టీవీలో అరుస్తారే, ఆ అంకె గాలి వేగానికి మాత్రమే. అమెరికాలో 1963 నుంచి 2012 వరకు హరికేన్ల వల్ల నేరుగా చనిపోయినవారిలో దాదాపు 90 శాతం మందిని చంపింది నీళ్లు. అందులో సగం ఉప్పెన. మీరు రాత్రంతా మేలుకుని చూసే గీతలో గానీ అంకెలో గానీ ఆ నీళ్ల మాటే లేదు.

నా మొదటి నెలలు 2004 ఆగస్టు, సెప్టెంబర్. ఆ ఏడాది ఫ్లోరిడా మీదికి దాదాపు ఆరు వారాల్లో చార్లీ, ఫ్రాన్సిస్, ఐవన్, జీన్ అని నాలుగు హరికేన్లు వచ్చాయి. నేను దిగిన కొద్ది రోజులకే చార్లీ. గీత నేరుగా టాంపా మీద ఉంది. మా ఇల్లు టాంపా అఖాతం ఒడ్డు దగ్గర, ఖాళీ చేయవలసిన జోన్‌లోనే. గదిలో మాతో దివిసీమ కుర్రవాడు ఒకడు ఉండేవాడు. 1977 నవంబర్ 19 ఉప్పెన వాళ్ల ఇంట్లో ఇప్పటికీ మాటల్లోకి వచ్చే సంగతి. మేమంతా "వస్తుందా, రాదా" అని వాదించుకుంటుంటే అతను మాట్లాడకుండా సర్టిఫికెట్లు, పాస్‌పోర్టులు జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లలో పెట్టాడు. ఒక గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, దాని మీద నాణెం పెట్టి ఫ్రీజర్‌లో వదిలాడు. తిరిగి వచ్చాక నాణెం పైనే ఉంటే లోపలి ఆహారం తినవచ్చు, అడుగుకు దిగితే కరెంటు చాలాసేపు పోయి అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని గుర్తు, పారేయాలి. తీరం మనిషికి ఈ తెలివి ఎవరూ నేర్పనక్కరలేదు. వెళ్లమంటే వెళ్తాడు. రాకపోతే సంతోషిస్తాడు, "అనవసరంగా తిప్పారు" అని తిట్టడు.

మమ్మల్ని ఒక సీనియర్ ఓర్లాండో తీసుకెళ్లాడు. లోతట్టు ఊరు, సముద్రం దూరం, భద్రం అని అందరూ చెప్పిన చోటు. ఆగస్టు 13న చార్లీ అనుకున్నదానికంటే ముందే కుడివైపు తిరిగింది. కొన్ని గంటల్లోనే బలం పెంచుకుని, కేటగిరీ 4గా టాంపాకు దక్షిణాన పుంటా గోర్డా వైపు తీరాన్ని కొట్టి, రాష్ట్రాన్ని అడ్డంగా కోసుకుంటూ రాత్రికి ఓర్లాండో మీదికే వచ్చింది. అక్కడి విమానాశ్రయంలో గంటకు సుమారు 170 కిలోమీటర్ల ఈదురుగాలి నమోదయింది. మేము కిటికీలు లేని నడవలో పరుపులు వేసుకుని కూర్చున్నాం. బయట ఓక్ చెట్టు విరిగిన చప్పుడు ముందు వచ్చింది, ఇల్లు అదిరింది ఆ తర్వాత. తెల్లారి చూస్తే పక్కింటి గ్యారేజీ కొమ్మల కింద ఉంది. కరెంటు రావడానికి రోజులు పట్టింది, ఆగస్టు ఉక్కపోత వేరే. వదిలి వచ్చిన టాంపాకు పెద్దగా ఏమీ కాలేదు. పుంటా గోర్డా మాత్రం మొదటి నుంచీ కోన్‌లోనే ఉంది. గీత టాంపా మీద ఉందని అక్కడివాళ్లలో చాలామంది తమకు కాదనుకున్నారు.

అయినా ఆ రోజు మేము బయలుదేరడం తప్పని నేను అనను. ఉప్పెన జోన్ నుంచి బయటికి రావలసిందే. నీళ్లు వస్తే ఇల్లు ఎంత గట్టిదైనా లాభం లేదు. గాలికి గట్టి ఇల్లు చాలు. అందుకే నీళ్ల నుంచి పారిపో, గాలి నుంచి దాక్కో అని అక్కడివాళ్లు అంటారు. ఆ మాట ప్రకారం ఓర్లాండో దాకా పోనక్కరలేదు కూడా. పదుల మైళ్లు చాలు, వందల మైళ్లు అక్కరలేదు. మీ ఊళ్లోనే జోన్ దాటి, గట్టి ఇంట్లో ఉన్న స్నేహితుడి దగ్గరికి వెళ్లండి. ఎవరూ లేకపోతే కౌంటీవాళ్లు బడుల్లో షెల్టర్లు తెరుస్తారు. దుప్పటి, మందులు, తిండి మీరే పట్టుకెళ్లాలి. మంచాలు ఉండవు, సిగ్గుపడవలసిందీ లేదు.

మన వైపు పెరిగినవారికి ఇంకో జబ్బు ఉంది. తుఫాను అంటే నెల్లూరు వాళ్ల బాధ, చెన్నై వాళ్ల బాధ, మనకు రెండు రోజుల ముసురు అనుకుంటాం. 2021 నవంబర్ అంత త్వరగా మరిచిపోయారా? చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది పేరు కూడా పెట్టని వాయుగుండం. ఆ వానకు కపిలతీర్థం విరుచుకుపడింది, తిరుమల కనుమదారులు మూసేశారు, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది పల్లెలను ఖాళీ చేయించారు. పక్క జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగి ఊళ్ల మీద పడింది. మనకు కొండలున్నాయి, సముద్రం లేదు. కొండ మీద పడిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

2024 సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ ఫ్లోరిడా ఉత్తర తీరాన్ని తాకి, మర్నాడు నార్త్ కరోలినా కొండల్లోకి పోయింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, రెండు వేల అడుగుల ఎత్తున ఉన్న యాష్‌విల్ ఊరు నీళ్లలో మునిగింది. ఆ ఒక్క రాష్ట్రంలోనే వంద మందికి పైగా చనిపోయారు. యాష్‌విల్‌లో కుళాయికి తాగే నీళ్లు మళ్లీ రావడానికి నవంబర్ 18 దాకా పట్టింది. కాబట్టి ఓర్లాండోలోనో, లేక్‌లాండ్‌లోనో, అట్లాంటాలోనో ఉద్యోగం వచ్చిందని ఈ వ్యాసం పక్కన పెట్టేయకండి. లోతట్టు ఊళ్లో మీరు చూసుకోవలసింది ఇంటి దగ్గర వాగు, చెరువు, పల్లపు రోడ్డు. అడుగు లోతు పారే నీళ్లు చాలు, కారు తేలిపోతుంది. వంతెన మీద నీళ్లు కనిపిస్తే వెనక్కి తిరగండి. ఆఫీసుకు ఆలస్యమైతే కానివ్వండి.

ఇక జోన్. ఫ్లోరిడాలో ఇల్లు అద్దెకు తీసుకునే ముందే కౌంటీ వెబ్‌సైట్‌లో చిరునామా కొట్టి చూడండి. ఏ, బి, సి అని అక్షరం వస్తుంది. ఏ అంటే ముందుగా ఖాళీ చేయవలసినవారు. ఏ అక్షరమూ రాకపోతే ఉప్పెన పరంగా బయట ఉన్నట్టు. అద్దె మాట్లాడేటప్పుడు మేనేజరు ఇంకో జోన్ చెబుతాడు, అది వరద జోన్, బీమావాళ్ల మ్యాపులోది. ఆ రెండూ ఒకటి కావు. నాకు మొదటి ఇల్లు ఇచ్చినవాళ్లు "వరద జోన్‌లో లేదు" అని సంతకం పెట్టించుకున్నారు. ఖాళీ చేయమనే పిలుపు వచ్చిన మొదటి జోన్‌లోనే ఆ ఇల్లు ఉంది. ఎవరి నోటి మాటా నమ్మకండి, మీ కళ్లతో చూడండి. మొబైల్ హోమ్‌లో, అంటే ఎక్కడో తయారుచేసి తెచ్చి నిలిపిన తేలిక ఇంట్లో, ఉంటే జోన్‌తో పని లేదు, ఉత్తర్వు రాగానే లేవాలి. మిల్టన్ తీరం తాకకముందే, రాష్ట్రానికి అవతలి ఒడ్డున సెయింట్ లూసీ కౌంటీలో టోర్నడోలు (సుడిగాలులు) ఆరుగురిని చంపింది అలాంటి ఇళ్ల కాలనీలోనే.

ఆ సెయింట్ పీటర్స్‌బర్గ్ దంపతులు క్షేమంగా ఉన్నారు. ఎందుకో తెలుసుకోవాలి. మిల్టన్ టాంపా అఖాతానికి దక్షిణంగా సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. హరికేన్ గాలి గడియారం ముళ్లకు ఎదురుగా తిరుగుతుంది కాబట్టి ఉత్తరాన ఉన్న అఖాతంలో గాలి నేల వైపు నుంచి వీచి నీళ్లను బయటికి తోసేసింది. కేంద్రం కాస్త ఉత్తరంగా దాటి ఉంటే అదే గాలి అదే నీళ్లను వాళ్ల పడకగదిలోకి తెచ్చేది. ఈసారీ ఏమీ కాలేదని వాళ్లు ఇప్పుడు అందరికీ చెబుతున్నారు. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. హెలీన్ కేంద్రం టాంపాకు ఎంతో దూరంగా సముద్రం మీదనే సాగిపోయినా, అఖాతం చుట్టూ ఎన్ని ఇళ్లలోకి ఉప్పెన వచ్చిందో వాళ్ల పక్క వీధివాళ్లనే అడగవచ్చు.

టార్చీలు, బిస్కెట్లు, నీళ్ల గురించి నేను రాయను, దుకాణం గుమ్మంలోనే జాబితా అంటిస్తారు. కారులో పెట్రోలు మాత్రం సీజనంతా సగానికి తగ్గనివ్వకండి. జనరేటరు ఎవరైనా తెస్తే గ్యారేజీలో, బాల్కనీలో నడపనివ్వకండి. ఇంటికి 20 అడుగుల దూరంలో ఉండాలి. తుఫాను దాటాక దాని పొగకు నిద్రలోనే పోయినవారు ఉన్నారు.

అమ్మానాన్నలకు ఒక మాట. మయామిలోని జాతీయ హరికేన్ కేంద్రం ఆరు గంటలకొకసారి ప్రకటన ఇస్తుంది. మన గడియారం ప్రకారం ఉదయం 8:30, మధ్యాహ్నం 2:30, రాత్రి 8:30, తెల్లవారుజామున 2:30. ఉదయం, రాత్రి చూస్తే చాలు. మధ్యలో టీవీవాళ్లు చూపించేది ఎక్కువగా ఆ ప్రకటననే తిప్పి తిప్పి. పిల్లల ఫోను ఛార్జింగు వాళ్లకు కావాలి. రోజుకు రెండు మెసేజీలు ఒప్పందం చేసుకోండి. "ఏమవుతోంది" అని అడగడం మాని "నీ జోన్ ఏది, ఉత్తర్వు వచ్చిందా" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు తెలిసిన పిల్లవాడి గురించి మీరు బెంగ పెట్టుకోనక్కరలేదు.

ఇంత చెప్పాక, ఉన్నమాట కూడా చెప్పాలి. 1992 ఆండ్రూ హరికేన్ తర్వాత ఫ్లోరిడాలో ఇళ్ల నిర్మాణ నిబంధనలు బాగా గట్టిపడ్డాయి, కొత్త భవనాలు గాలికి నిలుస్తున్నాయి. 2004తో పోలిస్తే తుఫాను దారి అంచనాలో తప్పు ఎంతో తగ్గింది. మీలో చాలామందికి హరికేన్ అంటే కరెంటు లేని కొన్ని రోజులు, పాడైన ఫ్రిజ్, అంతే. చిత్తూరు అబ్బాయి కూడా మూడో రోజు ఇంటికి చేరాడు. గదిలో కరెంటు ఉంది, అన్నం వండుకుని తల్లికి ఫోను చేశాడు. చదువు మానేసి తిరిగి వస్తానన్నవాడు ఇప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు.

సామాను కొనుక్కున్నాక వరద బీమా సంగతి చూడండి. అద్దెదారుల మామూలు బీమాలో వరద నష్టం సాధారణంగా ఉండదు. ప్రభుత్వ పథకం కింద విడిగా తీసుకుంటే అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు పడుతుంది. తుఫానుకు పేరు పెట్టాక తీసుకున్నది ఆ తుఫానుకు పనికిరాదు. కింది అంతస్తులో ఉన్నవారు ఏప్రిల్‌లోనే ఆ పని ముగించండి.