మోరోవిండ్ ఇప్పటి ల్యాప్‌టాప్‌లో ఆడాలంటే: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఏం చేయాలి

మా అక్క కొడుకు మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాడు. నేను ఉండేది నల్లగొండలో. పోయిన సెలవుల్లో నా దగ్గర మోరోవిండ్ అనే కంప్యూటర్ ఆట చూసి తనూ ఆడతానని పట్టుబట్టాడు, తర్వాత రెండు వారాలు రోజూ రాత్రి ఫోనే. "మామా, ఆట తెరుచుకుంటలేదు", "మామా, సేవ్ పోయింది", "మామా, కత్తి తాకుతుంది గానీ దెబ్బ పడ్తలేదు". ఆ ఫోన్లలో చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఆట వచ్చింది 2002లో, బెథెస్డా అనే కంపెనీ వాళ్లది. ఇందులో కనిపించే ఇబ్బందుల్లో సగం మాత్రమే కంప్యూటర్‌వి. మిగతా సగం ఆ ఆట పద్ధతే. ఏది ఏదో తెలియక చాలామంది మొదటి గంటలోనే వదిలేస్తారు, నాకు బాధగా ఉండేది అదే.

పాత సీడీ పెడితే ఏమీ జరగట్లేదు

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు అసలు డ్రైవే ఉండదు కాబట్టి ముందు బయట పెట్టే యూఎస్‌బీ డ్రైవ్ కావాలి. అదీ పెట్టాక ఆట మొరాయిస్తే, ఆ కాలం డిస్కుల్లో చాలావాటికి సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేదని గుర్తుంచుకోండి. దానికి కావాల్సిన డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో భద్రత కోసం పాత విండోస్‌లలో ఆపేసింది, విండోస్ 10లో అసలు పెట్టనే లేదు. అంటే డిస్కు మీద గీత లేకపోయినా, మీ తప్పేమీ లేకపోయినా పని చేయకపోవచ్చు. డిస్కుతో కుస్తీ పట్టే బదులు ఆటలు అమ్మే ఆన్‌లైన్ కొట్లు జీఓజీలోనో స్టీమ్‌లోనో కొనుక్కోండి, సేల్ పెట్టినప్పుడు చాలా చవకగా వస్తుంది. జీఓజీ కాపీకి తాళమే ఉండదు, ఒకసారి దించుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోవచ్చు.

సెట్టింగ్ మారిస్తే మారట్లేదు, నిన్నటి సేవ్ కనిపించట్లేదు

మా వాడికి మొదట తగిలింది ఇదే. పాత ఆటలు సేవ్‌లను, సెట్టింగ్‌ల ఫైల్‌ను తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. ఆట ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఉంటే విండోస్ అక్కడ రాయనివ్వదు, అలాగని తప్పు అని కూడా చూపించదు. చప్పుడు లేకుండా వర్చువల్ స్టోర్ అనే దాచిన ఫోల్డర్‌లోకి మళ్లిస్తుంది. యాప్ డేటాలో లోకల్ అనే ఫోల్డర్ తెరిచి చూడండి, పోయాయనుకున్న సేవ్‌లు అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. వాటిని ముందు కాపీ చేసుకుని, ఆటను తీసేసి, సీ డ్రైవ్‌లో నేరుగా గేమ్స్ అని ఒక ఫోల్డర్ చేసి అందులో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. ఫోల్డర్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి, తెలుగు పేరున్న దారుల్లో పాత ప్రోగ్రామ్‌లు తడబడతాయి.

స్క్రీన్ వెడల్పుకు సరిపోవట్లేదు, అక్షరాలు చీమల్లా ఉన్నాయి, గంటకోసారి మూసుకుపోతోంది

ఈ మూడింటికీ మందు ఒకటే కాబట్టి కలిపే చెబుతాను. ఆట తయారైంది పాత చదరపు మానిటర్ల కోసం. వెడల్పు స్క్రీన్ మీద పెడితే పక్కల ఎక్కువ కనిపించాల్సింది పోయి పైనా కిందా కోసేస్తుంది. అక్షరాల సైజు పెంచే సదుపాయం అప్పట్లో పెట్టలేదు. మూసుకుపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ ఒక పెద్ద కారణం మెమరీ. ఇది 32 బిట్ ప్రోగ్రామ్, మీ దగ్గర 16 జీబీ ర్యామ్ ఉన్నా అది 2 జీబీకి మించి వాడుకోలేదు. మోడ్‌లు, అంటే ఆటను మార్చడానికి అభిమానులు చేసిన ఫైళ్లు, ఎక్కువ వేసుకున్న కొద్దీ ఆ హద్దు దగ్గరపడుతుంది.

నా సలహా, మొదటిసారి ఆడేవాళ్లకైతే మరీ గట్టిగా చెబుతాను: ఓపెన్‌ఎండబ్ల్యు వేసుకోండి. ఇది అభిమానులు ఏళ్ల తరబడి కూర్చుని మొదటి నుంచీ మళ్లీ రాసిన ఇంజిన్, అంటే ఆటను నడిపే ప్రోగ్రామ్. ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. కథ, బొమ్మలు, శబ్దాలు మాత్రం మీరు కొన్న ఆట నుంచే తీసుకుంటుంది కాబట్టి ఆట కొనడం తప్పదు. వేసిన తర్వాత దాని లాంచర్ మీ పాత ఇన్‌స్టాలేషన్ ఎక్కడుందని అడుగుతుంది, ఆ ఫోల్డర్ చూపించండి. కంటెంట్ ఫైల్ ఇవ్వలేదని చెప్పి ఆగిపోతే టెన్షన్ పడకండి, డేటా ఫైల్స్ ట్యాబ్‌లో మోరోవిండ్, దాని అదనపు భాగాలు ట్రిబ్యునల్, బ్లడ్‌మూన్ మూడింటికీ టిక్ పెట్టలేదని అర్థం. అక్షరాలు పెద్దవి చేయడానికి సెట్టింగ్స్‌లో ఇంటర్‌ఫేస్ కింద స్కేలింగ్ ఉంది, నేను ఒకటిన్నర పెట్టుకున్నాను. ఈ ఆటలో మాటలన్నీ చదవాల్సిందే కాబట్టి అక్షరం సౌకర్యంగా లేకపోతే ఆట మీదే విసుగొస్తుంది.

పాత ఇంజిన్ మీదే ఆడాలనుకునేవాళ్లు లోపాలు సరిచేసే కోడ్ ప్యాచ్, బొమ్మను మెరుగుపరిచే ఎంజీఈ ఎక్స్ఈ, మెమరీ హద్దు పెంచే 4 జీబీ ప్యాచ్ వేసుకోండి. ఎంజీఈ ఎక్స్ఈ ఓపెన్‌ఎండబ్ల్యులో పని చేయదు, అందుకని ఏ దారిలో పోవాలో ముందే తేల్చుకోండి.

ల్యాప్‌టాప్ పెనంలా కాలుతోంది

పాత ఆటకు ఇంత వేడెందుకని అడుగుతారు. ఫ్రేములకు, అంటే సెకనుకు తెరమీద గీసే బొమ్మలకు, హద్దు పెట్టకపోతే గ్రాఫిక్స్ కార్డు చేతనైనన్ని గీస్తూనే ఉంటుంది, సెకనుకు రెండు వందలైనా సరే. మన దగ్గర మే నెలలో బయట 45 డిగ్రీలున్నప్పుడు అది మంచిది కాదు. ఓపెన్‌ఎండబ్ల్యు లాంచర్‌లో ఫ్రేమ్‌రేట్ 60 దగ్గర కట్టేయండి, ఫ్యాన్ మోత తగ్గుతుంది. బ్యాటరీ పాడైపోయిన ల్యాప్‌టాప్ లేదా ఇన్వర్టర్ లేని డెస్క్‌టాప్ అయితే ఇంకో జాగ్రత్త: సరిగ్గా సేవ్ అవుతున్నప్పుడు కరెంటు పోతే ఆ ఫైల్ పాడవుతుంది. ఎఫ్5 నొక్కితే ప్రతిసారీ పాత క్విక్‌సేవ్ మీదే రాస్తుంది. అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా అరగంటకోసారి మెనూలోకి వెళ్లి కొత్త పేరుతో సేవ్ చేయండి.

కత్తి తగులుతోంది, దెబ్బ పడట్లేదు

ఇది కంప్యూటర్ లోపం కాదు. మా వాడు మౌస్ పాడైందనుకున్నాడు, నిజంగానే కొత్తది కొన్నాడు.

ఈ ఆటలో కత్తి తెరమీద శత్రువుకు తాకడం వేరు, దెబ్బ పడడం వేరు. లోపల ప్రతి వేటుకూ పాచికలు పడతాయి. లెక్క ఇలా ఉంటుంది: ఆ ఆయుధంలో మీ నైపుణ్యం, దానికి చురుకుదనంలో అయిదో వంతు, అదృష్టంలో పదో వంతు కలపాలి. వచ్చినదాన్ని ఓపికతో గుణించాలి. ఓపిక అంటే కింద కనిపించే ఆకుపచ్చ గీత. అది నిండుగా ఉంటే 1.25తో, ఖాళీగా ఉంటే 0.75తో. అందులోంచి ఎదుటివాడు తప్పుకునే శక్తి పోతుంది. మిగిలిందే నూటికి ఎన్ని వేట్లు పడతాయో చెప్పే అంకె.

మా వాడు రెడ్‌గార్డ్ జాతి తీసుకున్నాడు, పొడుగు కత్తిని ముఖ్య నైపుణ్యంగా పెట్టుకున్నాడు, ప్రత్యేకత యుద్ధం. అంటే పొడుగు కత్తిలో 50తో మొదలవుతాడు. కానీ చేతిలో ఉన్నది మొదటి ఆఫీసులో దొరికిన చాకు. అది పొట్టి కత్తి, అందులో వాడి నైపుణ్యం 10. చురుకుదనం, అదృష్టం రెండూ 40. చాకుతో, ఓపిక నిండుగా ఉంటే, ఎదుటివాడి శక్తి తీయకముందు 27.5. పొడుగు కత్తితో అదే మనిషికి 77.5. పైగా వాడు ఎక్కడికైనా పరుగే. ఈ ఆటలో పరుగు ఓపికను తినేస్తుంది, కాబట్టి శత్రువు దగ్గరికి చేరేసరికి గీత ఖాళీ, చాకుతో 16.5 మిగిలింది. ఆరు వేట్లకు ఒకటి కూడా కష్టమే.

చేయాల్సింది ఇది. మీరు ముఖ్యంగా పెట్టుకున్న రకం ఆయుధమే వాడండి, ఆట మొదలయ్యే ఊరు సేడా నీన్‌లో అర్రిల్ కొట్టులో దొరుకుతాయి. శత్రువు కనిపించగానే క్యాప్స్ లాక్ నొక్కి నడకలోకి మారండి, లేదా కాసేపు ఆగి ఓపిక నిండాక పోండి. మంత్రాలు విఫలమైనా ఇదే సంగతి, ఓపిక అక్కడా లెక్కలోకి వస్తుంది. ఇది తెలిసిన రోజు నుంచి మా వాడి ఫోన్లు సగం తగ్గాయి.

ఎటు పోవాలో మ్యాప్ చూపించట్లేదు

చూపించదు. బాణం గుర్తులు ఈ ఆటలో లేవు. మన ఊళ్లల్లో దారి అడిగితే "దేవరకొండ దాటినంక చెరువు కట్ట వస్తది, కట్ట దిగంగనే కుడికి మళ్లు" అని చెప్తారే, సరిగ్గా అట్లనే చెబుతుంది. జే నొక్కితే డైరీ తెరుచుకుంటుంది, మనుషులు చెప్పిందంతా అందులో ఉంటుంది, ఓపిగ్గా చదవండి. మొదట బాల్మోరా అనే ఊరికి పోవాలి, నడవక్కర్లేదు, సేడా నీన్‌లో సిల్ట్ స్ట్రైడర్ అనే పెద్ద పురుగు ఎక్కితే తీసుకుపోతుంది. అక్కడ మీరు కలవాల్సిన కాయస్ కొసాడెస్ ఇల్లు తెలియకపోతే సౌత్ వాల్ కార్నర్‌క్లబ్ అనే సారాయి కొట్టులో అడగండి.

ఆ తర్వాత చాలామంది ఆగిపోయేది ఆర్క్‌ంగ్‌థాండ్ అనే శిథిలాల దగ్గర. పెట్టె కోసం పంపిస్తారు, పాత వంతెన దాటి శిథిలాల దాకా పోతారు, తలుపు తెరుచుకోదు. దానికి తాళంచెవి లేదు. దగ్గర్లో ఉన్న పైపుకు ఒక పిడి ఉంటుంది, అది తిప్పండి.

నిద్రపోతే ఎవరో వచ్చి చంపేస్తున్నారు

ట్రిబ్యునల్ అనే అదనపు భాగం టిక్ పెట్టి ఉంటే, కొత్త మనిషితో ఒకటో లెవెల్‌లో పడుకున్నా డార్క్ బ్రదర్‌హుడ్ అనే ముఠా హంతకుడు రావచ్చు. ఆ భాగం కథ మొదలయ్యేది అక్కడే. వాడు మీకంటే బలవంతుడు. కాబట్టి పడుకునే ముందు తప్పకుండా వేరే పేరుతో సేవ్ చేయండి. వాడిని ఎలాగో చంపగలిగితే కవచం మంచి ధరకు పోతుంది, తర్వాత ఏ కాపలా సైనికుడితో మాట్లాడినా ఎబన్‌హార్ట్ అనే ఊళ్లో ఉండే అపెలెస్ మాటియస్ దగ్గరికి పొమ్మంటాడు. అంత తొందర అక్కర్లేదనుకుంటే హంతకుల రాకను ఆలస్యం చేసే చిన్న మోడ్‌లు ఉన్నాయి. మా వాడికి నేను అదే వేయించాను, ఇప్పుడు పన్నెండో లెవెల్‌లో ఉన్నాడు, ఇంకా ఎబన్‌హార్ట్ పోలేదు.