రోత్కో చాపెల్‌కి వెళ్తే ఎలా చూడాలి

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, హ్యూస్టన్‌లో ఉన్న ఈ ప్రార్థనామందిరం నిండా చిత్రకారుడు మార్క్ రోత్కో గీసిన బొమ్మలే. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను పది నిమిషాల్లో బయటికి వచ్చేశాను. ఎనిమిది పలకల గది, గోడల నిండా 14 పెద్ద పెద్ద నల్లటి కాన్వాసులు, మధ్యలో బెంచీలు. దీనికోసమా ఇంత దూరం డ్రైవ్ చేసింది అనిపించింది. తర్వాత హ్యూస్టన్‌కి చుట్టాలు ఎవరొచ్చినా తీసుకెళ్తూ ఉండడంతో, ఎలా చూడాలో మెల్లగా తెలిసింది.

ముందుగా, ఏ రోజు వెళ్ళాలన్న సంగతి. బాగా ఎండ కాసే రోజు కాకుండా, మబ్బులు వచ్చిపోతుండే రోజు చూసుకుని వెళ్ళండి. లోపల వెలుతురంతా పైకప్పులోంచే వస్తుంది. మబ్బు పట్టిందంటే బొమ్మలన్నీ ఒకే నలుపు. అది తొలగగానే అదే నలుపులోంచి వంకాయ రంగు, ఊదా, ముదురు మెరూన్ తేలివస్తాయి. ఈ వెలుతురు గొడవ మొదట్నుంచీ ఉన్నదే. 1964లో కళాఖండాలు సేకరించే డొమినిక్, జాన్ డి మెనిల్ దంపతులు ఈ బొమ్మల పని అప్పగించాక, మార్క్ రోత్కో న్యూయార్క్ స్టూడియోలో పైకప్పు అద్దం కింద పారాచూట్ గుడ్డ కట్టుకుని, ఆ మెత్తటి వెలుగులో గీశాడు. టెక్సాస్ ఎండ దానికి లొంగుతుందా? చాపెల్ తెరిచాక కాంతి మరీ ఎక్కువైందని ఏళ్ల తరబడి ఏవేవో అడ్డాలు పెడుతూ వచ్చారు. 2020లో పూర్తయిన మరమ్మతుల్లో పైకప్పు అద్దాన్నే మార్చారు. రోత్కో మాత్రం ఈ గది చూడనే లేదు. 1970 ఫిబ్రవరిలో చనిపోయాడు, చాపెల్ 1971 ఫిబ్రవరిలో తెరిచారు.

టికెట్ లేదు. లోపల ఫోటోలు తీయకూడదు, మాట్లాడకూడదు. ఫోన్ కారులోనే వదిలేస్తే ఇంకా మంచిది. 2024 జులైలో బెరిల్ తుఫాను దెబ్బకి కొన్ని నెలలు మూసేశారు కాబట్టి, బయల్దేరే ముందు తెరిచి ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూసుకోండి.

లోపలికి వెళ్ళగానే బొమ్మల దగ్గరికి నడవకండి. బయటి ఎండలోంచి వచ్చిన కళ్ళకి మొదట ఏమీ కనిపించదు. బెంచీ మీద కూర్చోండి. ఎదురుగా మూడు కాన్వాసులు పక్కపక్కనే ఉంటాయి. అవీ, నాలుగు మూలగోడల మీద ఒక్కొక్కటిగా ఉన్నవీ పూర్తిగా ఊదా ఛాయలే. కుడి ఎడమల గోడల మీదున్నవి వేరు: నల్లటి దీర్ఘచతురస్రం, చుట్టూ మెరూన్ అంచు. ఆ అంచు గీత స్పష్టంగా కనిపించిందంటే మీ కళ్ళు చీకటికి అలవాటు పడ్డట్టే. నాకు పావుగంట పడుతుంది.

చాలామంది వదిలేసేది ఒకటుంది. వచ్చిన గుమ్మం వైపు గోడ మీద ఒంటరిగా ఒక బొమ్మ ఉంది. అది మన వీపు వెనక ఉంటుంది. వెళ్ళే ముందు అటు తిరిగి ఐదు నిమిషాలు కూర్చోండి. నాకు అన్నిటికన్నా ఇష్టం అదే.

మామయ్యగారిని తీసుకెళ్ళినప్పుడు, ఆయన నాలుగు గోడలూ కలియజూసి, చెవి దగ్గరకొచ్చి గుసగుసగా "దేవుడేడమ్మా?" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. మొదట దీన్ని క్యాథలిక్ ప్రార్థనామందిరంగా అనుకున్నారు, చివరికి ఏ మతానికీ చెందకుండా అందరికీ తెరిచారు. ఈ కథంతా అక్కడ గుసగుసల్లో ఎక్కడ చెప్తాం? కూర్చోండి మామయ్యా అన్నాను. ఆయన పద్మాసనం వేసి కళ్ళు మూసుకున్నారు. బొమ్మలు చూడలేదనే చెప్పాలి. అయినా నాకన్నా ఎక్కువసేపు ఉన్నారు.

బయట కొలను దగ్గర ఆగండి. బార్నెట్ న్యూమన్ అనే కళాకారుడు చేసిన బ్రోకెన్ ఒబెలిస్క్ అనే శిల్పం అక్కడే ఉంది. పిరమిడ్ మొన మీద తలకిందులుగా నిలబెట్టిన విరిగిన స్తంభం అది. రెండు మొనలూ తాకే చోట ఎంత సన్నగా ఉందో చూస్తే భయమేస్తుంది. మార్టిన్ లూథర్ కింగ్‌కి అంకితం చేస్తామంటే నగరపాలకులు ఒప్పుకోలేదు, అందుకే మెనిల్ దంపతులు దాన్ని ఇక్కడ నిలిపారు.

దగ్గర్లోనే మెనిల్ కలెక్షన్ మ్యూజియం ఉంది, అదీ ఉచితమే. కానీ వెంటనే వెళ్ళకండి, తల నిండిపోతుంది. మేం వెళ్దామంటే మామయ్యగారు రానన్నారు. చెట్టు కింద కూర్చుని, నీళ్ళ బాటిల్ ఒకటి ఇచ్చి వెళ్ళమన్నారు.