ఉల్లిపాయ చీజ్ టార్టులు: పిండి తీసే ముందు ఇవి చూసుకోండి

టార్టంటే మైదా, వెన్న కలిపిన పిండిని గిన్నెలా పరిచి, లోపల ఉల్లిపాయ, చీజ్ నింపి ఒవెన్‌లో కాల్చేది. ముందు కరెంటు సంగతి తెలుసుకోండి, ఒవెన్ మధ్యలో ఆగిందా, వెన్న కరిగి ట్రేలో మడుగు కడుతుంది.

ఒంగోలు ఎండల్లో వెన్న బయటపెట్టి ఫోన్ చూస్తూ కూర్చోకండి. మైదాలో కలిపేటప్పుడు అది చల్లగా, శనగగింజంత ముక్కలుగా ఉండాలి, చేతికి జిడ్డుగా అంటుతోందంటే అక్కడితో ఆపేసి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. అసలు మధ్యాహ్నం ఈ పనే పెట్టుకోవద్దు, పొద్దున్నే చేసుకోండి.

ఉల్లిపాయలు సన్నమంట మీద 25 నిమిషాలైనా మగ్గాలి, బాణలి అడుగున తడి కనపడకూడదు, పూర్తిగా చల్లారాలి. మొదటిసారి నేను వేడివేడిగా పిండి మీద పోసేస్తే అడుగంతా పచ్చిగా ఉండిపోయింది, మా అత్తయ్య తిని “ఇది ఉల్లిపాయ హల్వానా అమ్మాయ్?” అంది.

చీజ్‌లో ఉప్పుంటుంది, చేయి తగ్గించండి.

పరిచిన పిండి అడుగంతా ఫోర్కుతో గుచ్చారా? ఒవెన్ 200 డిగ్రీలకు వేడెక్కాకే ట్రే లోపలికి.